బొప్పాయి తింటున్నవి వరి చేలో నత్తలు కావు

ప్రశ్న: ఎకరం బొప్పాయి నాటి నెల దాటింది. రాత్రికి రాత్రే లేత ఆకులు, కాండం బెరడు కొరికేస్తున్నాయి. పక్క వరి చేలోంచి నత్తలు వస్తున్నట్టున్నాయి. డీలర్ ఇచ్చిన పురుగుమందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకేం కొట్టాలి సార్?

జవాబు: ఇంకేమీ కొట్టొద్దు. చేతికి తొడుగు వేసుకుని ఒక నత్తను తిప్పి గుల్ల నోరు చూడండి. వరి చేలో నత్త లోపలికి ముడుచుకోగానే గట్టి మూతతో నోరు బిగించేస్తుంది. మీరు పంపిన ఫొటోలో ఆ మూత లేదు, గుల్ల పొడవుగా, కొస తేలి, గోధుమరంగు చారలతో ఉంది. ఇది ఆఫ్రికా రాక్షస నత్త, నేల మీదే బతుకుతుంది. (ఎండలకి కాగితంలాంటి పొరతో నోరు మూసుకుని పడుకుంటుంది, దాన్ని మూత అనుకోకండి.)

పాత పుస్తకాల్లో దీన్ని అచటినా ఫులికా అన్నారు, ఇప్పుడు లిస్సాచటినా ప్రజాతిలో పెట్టారు. అసలు అచటినాలు పశ్చిమ ఆఫ్రికావి, దీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా తీరం. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు, మన తిప్పలన్నీ అక్కడి నుంచే. ప్రతి నత్తా ఆడా మగా రెండూ, ఒక్కో విడతకి వందకు పైగా గుడ్లు మట్టిలో పెడుతుంది.

నత్తకి పురుగుమందు కొట్టించిన డీలర్‌ని ఏమనాలో నాకు తెలీదు, దాంతో చచ్చింది మీ తోటలోని మిత్రపురుగులే. సాయంత్రం తడిపిన గోనె సంచుల కింద బొప్పాయి ఆకులు పరచండి, తెల్లారేసరికి అక్కడే గుంపుగా ఉంటాయి, ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. ఉప్పు మాత్రం చేలో చల్లకండి, నేల పాడవుతుంది. వరసగా 10 రోజులు ఏరాక కూడా కనిపిస్తుంటే నత్తల మందు మెటాల్డిహైడ్ 2.5 శాతం గుళికలు ఎకరానికి 2 కిలోలు, పొద్దువాలాక, నేల తడిగా ఉన్నప్పుడు, మొక్కల మధ్య అక్కడక్కడా వేయండి. వాన పడేలా ఉంటే ఆగండి. కుక్కలు, కోళ్లు, పశువులు అటు రాకుండా చూసుకోండి, వాటికీ విషమే. మట్టిలో పసుపు తెలుపు గుడ్లు కనబడితే తవ్వి నలిపేయండి.

ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, ఈ నత్తల్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఉంటుంది, మనిషికి ఎక్కితే మెదడు పొరలు వాస్తాయి. ఏరినవి బతికుండగా గట్టు అవతల పారేయకండి, మళ్లీ మీ తోటకే వస్తాయి.