ఆదివారం రోలు మోగించకు

గుంటూరు, బ్రాడీపేట

చి. చిన్నికి అత్త ఆశీస్సులు.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి పెట్టుకుని మీ అమ్మ కిందా మీదా పడుతోంది. నువ్వేమో సోఫాలో కూర్చుని, జర్మనీలో చెయ్యకూడని పనులంటూ ఏదో వీడియో చూస్తున్నావు. నేను నోరు తెరిచేలోపే మీ నాన్న ‘దానికి అన్నీ తెలుసులేవే’ అన్నాడు. తెలిసే ఉంటాయి. కానీ 1997 నుంచి 2018 దాకా, ఇరవై ఒక్క ఏళ్ళు స్టుట్‌గార్ట్‌లో కాపురం చేసి వచ్చినదాన్ని. నువ్వు చదువుకి వెళ్ళేదీ ఆ ఊరికే. ఊరుకోలేక రాస్తున్నాను. ఇప్పుడు తీరిక లేకపోతే విమానంలో చదువుకో.

ముందు సూట్‌కేసు సంగతి. మీ అమ్మ నెయ్యి సీసాకి మూడు కవర్లు చుట్టడం చూశాను. తీయించెయ్. మన దేశం నుంచి అక్కడికి పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి ఏదీ కుదరదు. పచ్చి కరివేపాకు కూడా తగిన సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. విచిత్రం ఏంటంటే కొబ్బరికాయకి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు! కారం, పసుపు, ఆవకాయ పెట్టుకో. కందిపప్పుకి చోటు దండగ, అక్కడ మనవాళ్ళ కొట్లున్నాయి.

నెయ్యికి బెంగపడకు. ఏ కొట్టుకెళ్ళినా ఉప్పు లేని వెన్న పావుకిలో ప్యాకెట్లు ఉంటాయి. రెండు ప్యాకెట్లు మందపాటి గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టు. ముందు తెల్లగా నురుగు వస్తుంది, తర్వాత చిటపటలాడుతుంది. ఆ చిటపట తగ్గి, అడుగున గసి గోధుమరంగుకి తిరగ్గానే దించెయ్. ఫోన్ చూస్తూ నిలబడితే మాడుతుంది. మునగాకు రెబ్బ దొరకదు గానీ ఆ వాసన మాత్రం మనింటి వాసనే. మొదటి చలికాలంలో నాకు ఏడుపొచ్చినప్పుడల్లా వెన్న కాచేదాన్ని. మీ మావయ్య ఇంట్లోకి అడుగుపెడుతూనే వాసన పట్టి, ‘ఇవాళేమైంది?’ అని అడిగేవాడు.

ఇక అసలు సంగతి. ఇక్కడ నువ్వు గేటు దాటితే చాలు, ‘ఎక్కడికే?’ అని ఇద్దరైనా అడుగుతారు. నీకది చిరాకు, నాకు తెలుసు. అక్కడ మూడు నెలలున్నా ఎదురింటివాళ్ళు ‘గ్రూస్ గాట్’ అని పలకరించి తలుపేసుకుంటారు. అంతే. నేను చాలా రోజులు వాళ్ళకి పొగరనుకున్నాను. రంగు చూసి అనుకున్నాను. అలాంటివాళ్ళు లేరని చెప్పను, ఒకరిద్దరు తగిలారు కూడా. కానీ ఎక్కువమంది సంగతి అది కాదు. అడక్కుండా నీ విషయంలోకి రావడం వాళ్ళ దృష్టిలో మర్యాద కాదు. నువ్వు నోరు తెరిచి అడిగావనుకో, చేస్తున్న పని ఆపి మరీ చెబుతారు. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

అది ఎక్కడ మొదలైందో చెబుతాను. వెళ్ళిన మూడో వారం, పొద్దున తలుపు తీస్తే దాని పిడికి ఒక చిన్న చెక్క పలక వేలాడుతోంది. దానిమీద ‘కేర్‌వోఖ’ అని రాసి ఉంది. ఎవరిదో పొరపాటున మా తలుపుకి తగిలించారనుకుని ఎదురింటి తలుపు పిడికి వేసి వచ్చాను, పెద్ద పని చేసినట్టు. రెండ్రోజుల్లో అది మళ్ళీ మా తలుపుకే వచ్చింది, ఈసారి ఒక కాగితంతో సహా. మీ మావయ్య డిక్షనరీ ముందేసుకుని గంటసేపు కూర్చుని చదివితే తేలిందేమిటంటే, ఈ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు మాది. ఆ ప్రాంతంలో అది తరాల నాటి అలవాటట, బిల్డింగులో ఉన్నవాళ్ళంతా వంతులవారీగా చేస్తారు. నేను ఒకటే ఏడుపు. ఎమ్మే చదివినదాన్ని, సముద్రాలు దాటి వచ్చి ఎవరి మెట్లో కడగాలా అని!

రెండో రోజు కోపం చల్లారాక కింది ఇంటి పెద్దావిడ తలుపు తట్టి, చేతులతో సైగ చేసి, ఎలా చెయ్యాలని అడిగాను. ఆవిడ చీపురు, బకెట్ తెచ్చి చూపించింది. పై మెట్టు నుంచి కిందికి రావాలి, చేతులేసే కమ్మీ కూడా తుడవాలి, వీధి తలుపు వెనక మూల మర్చిపోకూడదు, చివర్న బయట కాలిబాట. చూస్తుంటే నవ్వొచ్చింది నాకు. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే ఇంట్లో పుట్టాను, ఇందులో కొత్తేముంది? ఆ తర్వాత సంక్రాంతికి మా గుమ్మం ముందు నాలుగు చుక్కల ముగ్గేస్తే, ఆవిడ చాలాసేపు మెచ్చుకుని ‘ఇంతకీ దీన్ని ఎప్పుడు తుడుస్తారు?’ అంది.

కాబట్టి, అర్థం కాని కాగితం వస్తే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుని ఊరుకోకు. పట్టుకెళ్ళి ఎవరినైనా అడుగు. కాగితాలంటే గుర్తొచ్చింది, అక్కడ ఇప్పటికీ చాలా పనులు పోస్టులో వచ్చే ఉత్తరాల మీదే నడుస్తాయి. ఇంట్లో దిగగానే పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, బ్యాంకు కార్డయినా సరే. దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో నీ అడ్రసు నమోదు చేయించుకోవాలి. దానికి అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కాబట్టి ఇక్కడి నుంచే ప్రయత్నించు. రేడియో, టీవీ రుసుమని నెలకి 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. మా ఇంట్లో టీవీ లేదంటే వినరు, ఇంటికింత అని లెక్క. అదే ఇంట్లో ఉన్న పిల్లలంతా కలిసి ఒక్కటి కడితే చాలు. ప్రాణం మీదికొస్తే 112. రాత్రిపూట జ్వరం లాంటిదైతే 116117. ఇవి రాసి తలుపుకి అతికించుకో.

టైము విషయంలో నాలా బోల్తా పడకు. మేం వెళ్ళిన కొత్తలో పళ్ళ డాక్టరు దగ్గరికి ఫోన్ చేస్తే ‘హాల్ప్ ద్రై’కి రమ్మన్నారు. హాల్ప్ అంటే సగం, ద్రై అంటే మూడు. మూడున్నర అనుకుని మూడుంబావుకే వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళ లెక్కలో మూడుకి సగం దూరంలో ఉన్నట్టు, అంటే రెండున్నర. అక్కడున్న అమ్మాయి గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది, మూడు వారాల తర్వాత తేదీ రాసిచ్చింది. ఆ మూడు వారాలూ లవంగం బుగ్గన పెట్టుకుని గడిపాను. అంకెలూ అంతే. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. కౌంటర్ దగ్గర చెవులతో పని పెట్టుకోకు, మెషిన్ మీద అంకె చూడు. కానీ ఆ భాష మరీ పరాయిదేం కాదే. కొన్ని వాక్యాల్లో క్రియ మనకిలాగే చివరికి వస్తుంది. మీరు, నువ్వు తేడా కూడా ఉంది. మీరుకి ‘జీ’, గాంధీజీలో జీలాగా గుర్తుపెట్టుకో. నువ్వుకి ‘డూ’. నీ క్లాసు పిల్లలతో మొదటి రోజే డూ. ప్రొఫెసర్లకీ, ఆఫీసుల్లోనూ, మెట్ల మీద కనిపించే పెద్దవాళ్ళకీ జీ.

ఆదివారం. దీని గురించి నొక్కి చెబుతున్నాను. కొట్లన్నీ మూసేస్తారు, రైల్వే స్టేషన్లోవీ పెట్రోలు బంకుల్లోవీ లాంటివి తప్ప. శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకో. అదొక్కటే కాదు, ఆ రోజు చప్పుడు చెయ్యకూడదు. రాత్రి పది దాటాక కూడా అంతే. మీ అమ్మమ్మ నాతో పంపిన చిన్న రాతి రోలు ఉండేది. ఒక ఆదివారం పొద్దున్నే ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచుతున్నాను. ఇంటిమీద బెంగతో దంచుతున్నానేమో, కాస్త గట్టిగానే దంచాను. బెల్ మోగింది. కింది ఇంటావిడే, నైటు గౌనులో. ‘మీ ఇంట్లో ఏమైనా రిపేరు చేయిస్తున్నారా?’ అంది. రోలు చూపించాను. వంగి వాసన చూసి, వరసగా ఆరు తుమ్ములు తుమ్మి, ‘శనివారం చేసుకో అమ్మాయ్’ అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ రోలు కింద పాత తువ్వాలు మడిచి వేసుకుని, శనివారమే దంచేదాన్ని. నీకు మిక్సీ ఉంటుంది, దానికీ ఇదే రూలు.

మొదట్లో ఆదివారాలు పిచ్చెక్కిపోయేవి. మన ఊళ్ళో ఆదివారమంటే సందడి కదా! తర్వాత తర్వాత నాకు ఆ ఆదివారమే ఇష్టమైంది. స్టుట్‌గార్ట్ గిన్నెలో కూర్చున్నట్టుంటుంది, చుట్టూ కొండలు, వాటి మీదికి ఇళ్ళ మధ్య నుంచి మెట్లదారులు. ఊరి మొత్తం మీద 400 పైనే ఉంటాయి. దుర్గగుడి మెట్లెక్కిన కాళ్ళే కదా మనవి. చలికోటు వేసుకుని ఒక్కో ఆదివారం ఒక్కో దారి ఎక్కు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం భోజనమవగానే బయల్దేరు, నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. ఆ చీకటికి మనసు నీరసపడుతుంది, అది నీ తప్పు కాదు. ఇంకో మాట, ఎంత చలైనా రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరవాలి. మనం అన్నం, చారు కాచే ఆవిరికి గోడలు బూజు పడితే ఇంటివాళ్ళు ఊరుకోరు.

తిండి విషయంలో రెండు సంతోషాలు దాచి ఉంచాను. అక్కడివాళ్ళూ పప్పు తింటారే! ముతక పప్పు వండి, పుల్లగా వెనిగర్ పోసి, స్పెట్‌స్లె అనే మెత్తటి నూడుల్స్‌తో తింటారు. మామూలుగా పక్కన సాసేజ్ వేస్తారు, వద్దంటే తీసేస్తారు. రెండోది గోంగూర సంగతి. ఏప్రిల్‌లో బజారుకి రుబార్బ్ వస్తుంది, ఎర్రటి కాడలు. జూన్ 24తో దాని కాలం అయిపోయినట్టే. ఆ కాడలు ముక్కలు చేసి పప్పులో వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టు. గోంగూర కాదు, కాదంటూనే రెండోసారి వడ్డించుకుంటావు. ఆకులు మాత్రం పారెయ్, విషం.

డబ్బు గురించి పెద్దగా చెప్పను. మీ నాన్న బ్లాక్‌డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నీకు నెలకి 992 చొప్పునే అందుతాయి. మొదటి నెల ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుని కడుపు మాడ్చుకోకు. నీళ్ళ సీసాలు పారెయ్యకు, ప్లాస్టిక్ సీసా మెషిన్లో వేస్తే 25 సెంట్లు తిరిగి వస్తాయి. అసలు సీసాలు కొనడమే దండగ, కుళాయి నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు.

ఇంటికి ఫోన్ల గురించి చెబితే మీ అమ్మకి కోపం రావచ్చు, అయినా చెబుతాను. మా రోజుల్లో కార్డు కొని, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్ళం. దాంతో చచ్చినట్టు పక్కింటివాళ్ళతో మాట్లాడటం నేర్చుకున్నాను. నువ్వు పొద్దస్తమానం వీడియోకాల్లో ఉంటే ఒళ్ళు అక్కడ, ప్రాణం ఇక్కడ అవుతుంది. రోజుకో వేళ పెట్టుకో. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. ముందే చెప్పకపోతే ఆ రోజు మీ అమ్మ కంగారుపడి బంధువులందరికీ ఫోన్ చేస్తుంది. బాగాలేనప్పుడు బాగున్నానని మాత్రం చెప్పకు. నేను అలా ఎనిమిది నెలలు చెప్పాను. అమ్మ ఒక్క రోజూ నమ్మలేదట, నేను తిరిగి వచ్చాక చెప్పింది.

ఆ కింది ఇంటావిడ ఉంది చూశావూ, ఆరేళ్ళ తర్వాత ఒక సాయంత్రం నన్ను కాఫీకి పిలిచి, ‘ఇకమీదట నన్ను డూ అను’ అంది. అక్కడ ఆ మాట పెద్దవాళ్ళే ముందు అనాలి. డెబ్భై ఏళ్ళావిడని నువ్వు అని ఎలా అంటానని వారం రోజులు మాట్లాడకుండా తప్పించుకు తిరిగాను. అప్పుడు మీ మావయ్య, ‘మీ అమ్మమ్మని మీరు అనేదానివా ఏంటి?’ అన్నాడు.

మేం వచ్చేసేటప్పుడు ఆవిడే ఆ చెక్క పలక ఇచ్చింది, బిల్డింగుకి కొత్తది చేయించారట. ఇప్పుడది మా వంటింటి మేకుకి ఉంటుంది. పనిమనిషి రాని రోజున మీ మావయ్య దాన్ని తీసి మా గది తలుపుకి తగిలిస్తాడు, నేను తీసి ఆయన కుర్చీకి తగిలిస్తాను.

కారం ఈ శనివారం పట్టిస్తున్నాను. సూట్‌కేసు తూకం చూసుకుని ఎంత పంపాలో ఫోన్ చెయ్యి.

అత్త