72తో గుణించి చూడండి

మోడల్ బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చిన్నప్పుడు ప్లాస్టిక్ విమానాలు అతికించేవాడిని. ముప్పయ్యేళ్ల తరవాత మళ్లీ 1/72 స్కేలు (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కిట్ తెచ్చుకున్నాను. కాక్‌పిట్ కోసం విడిగా అమ్మే ఇత్తడి రేకు కూడా కొన్నాను. అందులో డెబ్బై పైచిలుకు ముక్కలున్నాయి, కొన్ని ఆవగింజంత కూడా లేవు. మొదటి ముక్క కోయగానే ఎగిరిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. ఇవన్నీ పెట్టాల్సిందేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అన్నీ పెట్టనక్కర్లేదు. ఏవి పెట్టాలో, ఏవి వదిలేయాలో తేల్చుకోవడానికి నేను పాతికేళ్లుగా ఒకటే లెక్క వాడుతున్నాను. ముక్కను కొలిచి 72తో గుణిస్తాను.

అసలు స్పిట్‌ఫైర్ ఒక రెక్క కొస నుంచి మరో రెక్క కొసకి 11.23 మీటర్లు. మీ బల్ల మీద అది 15.6 సెంటీమీటర్లు. ఇప్పుడు కిట్‌లోని ప్లాస్టిక్ సీటు అంచును కాలిపర్‌తో కొలవండి. ముప్పావు మిల్లీమీటరు ఉందనుకుందాం. 72తో గుణిస్తే 5.4 సెంటీమీటర్లు. అంత మందపు గోడలున్న సీటు ఏ యుద్ధవిమానంలోనూ ఉండదు. అందుకే ప్లాస్టిక్ సీటు ఎంత బాగా రంగు వేసినా బొమ్మకుర్చీలాగే కనిపిస్తుంది. అక్కడ ఇత్తడి ముక్క వాడండి. సీటు బెల్టులకూ అంతే. రేకు మందం పదోవంతు మిల్లీమీటరు అయితే అసలు కొలతలో ఏడు మిల్లీమీటర్లకు పైమాటే, అయినా ప్లాస్టిక్‌లో పోతపోసిన బెల్టుకన్నా ఎంతో నయం.

అయితే ఇత్తడి రేకు ఎప్పుడూ బల్లపరుపుగానే ఉంటుంది. విమానంలో గుండ్రంగా ఉన్నవాటికి అది పనికిరాదు. కంట్రోల్ స్టిక్, గొట్టాలు, మీటలు ఇత్తడిలో పెడితే పక్కనుంచి చూసినప్పుడు కాగితం ముక్కల్లా కనిపిస్తాయి. వాటికి కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కనే సన్నగా గీకండి, లేదా సన్నని రాగి తీగ వాడండి. సీటు వెనకాల, అడుగున పోయే ముక్కలను రేకులోనే ఉంచేయండి. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు సగాలూ మూసి, చిన్న టార్చి వేసి లోపలికి చూడండి. కంటికి ఏది ఆనుతుందో అదే మీ జాబితా. ఇలా వడబోస్తే డెబ్బైలో ఇరవై మిగలవచ్చు. ఆ ఇరవై మీద పెట్టే శ్రద్ధే మోడల్‌ను నిలబెడుతుందని నా గట్టి నమ్మకం.

ఇక ఎగిరిపోయిన ముక్క సంగతి. రేకును మెత్తటి చాప మీద పెట్టి కోస్తే బ్లేడు ఒత్తిడికి ముక్క వంగి, తెగగానే స్ప్రింగులా లేస్తుంది. గాజు పలక మీదో నున్నటి టైలు మీదో పెట్టి కోయండి. బ్లేడు మొన కాకుండా వంపు అంచు ఉన్నదైతే, దొర్లించినట్టు ఒక్క ఒత్తుతో తెగిపోతుంది. మరీ చిన్న ముక్కలకు నేను రేకును, చేతులను పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి కోస్తాను. ఎగిరినా సంచిలోనే ఉంటుంది. ముక్కకు మిగిలిన చిన్న ముల్లును సన్నని ఆకురాయితో ఒకే దిశలో రుద్దండి. అటూ ఇటూ రుద్దితే రేకు వంకరపోతుంది.

బెల్టులు కర్రల్లా నిటారుగా నిలబడకుండా ఉండాలంటే ముందు కాల్చాలి. పట్టకారుతో పట్టుకుని దీపపు మంట మీద కొద్ది క్షణాలు ఉంచి తీయండి. రంగు మారి, ఇత్తడి మెత్తబడుతుంది. చల్లారాక సీటు మీద వేసి, తడిపిన కుంచె వెనక భాగంతో నెమ్మదిగా నొక్కితే అది గుడ్డలాగా ఒదిగిపోతుంది. భుజం బెల్టు ఒకటి సీటు వీపు మీదుగా జారి కొద్దిగా పక్కకు తిరిగినట్టు పడితే, అప్పుడే పైలట్ దిగి వెళ్లాడా అనిపిస్తుంది. నేను ప్రతి మోడల్‌లోనూ ఎదురుచూసే ఘట్టం అదే.

ప్లాస్టిక్ జిగురు ఇత్తడికి పనిచేయదు. అది కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది, లోహాన్ని కరిగించలేదు. ఇత్తడికి సూపర్ గ్లూ కావాలి. సూది బెజ్జం పైకొసను కత్తిరించి, మిగిలిన చీలికను పుల్లకు గుచ్చుకోండి. ఆ చీలికలో నిలిచేంత జిగురు చాలు.

ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ దగ్గర తొందరపడకండి. మధ్యలో ఆరు డయల్స్ ఒక చట్రంలో రెండు వరసలుగా ఉంటాయి: వేగం, కృత్రిమ క్షితిజం, ఆరోహణ వేగం, ఎత్తు, దిశ, మలుపు. ఎనిమిది సెంటీమీటర్ల డయల్ మీ చేతిలో ఒక మిల్లీమీటరు దాటి పిసరంత ఉంటుంది. ప్యానెల్‌కు నలుపు కాకుండా బాగా ముదురు బూడిద వేయండి. అచ్చమైన నలుపు ఈ కొలతలో గుంటలా కనిపించి వివరాలను మింగేస్తుంది. ఆరాక ప్రతి డయల్ మీద సూదిమొనతో మెరిసే (గ్లాస్) వార్నిష్ చుక్క పెట్టండి. వెలుగు పడితే ఆరు అద్దాలు మెరుస్తాయి.

చివరగా, పక్కగోడలకు ఇత్తడి ముక్కలు అంటించే ముందు వెనకున్న ప్లాస్టిక్‌ను గీకి పల్చన చేశారా? ఈ మాట చాలామంది చివర్లో గుర్తుచేసుకుంటారు. లోపల ప్రతి అతుకూ మందం పెంచుతుంది. రెండు సగాలను బలవంతంగా మూస్తే పొట్ట ఉబ్బుతుంది, రెక్కల మొదట్లో సందు వస్తుంది, ఆ సందును నొక్కితే రెక్కల పైవాలు మారిపోతుంది. కాక్‌పిట్‌లో అర మిల్లీమీటరు తప్పు రెక్క కొసన కనిపిస్తుంది. జిగురు పెట్టకుండా పదిసార్లు అమర్చి చూడండి, పదకొండోసారి అంటించండి.

ప్రశ్న: మోడల్ అంతా పూర్తయ్యాక కానొపీ (కాక్‌పిట్ పైనుండే అద్దపు మూత) అంటించాను. తెల్లారేసరికి అద్దం మీద మంచు పట్టినట్టు తెల్లగా అయింది. తుడిస్తే పోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: సూపర్ గ్లూ వాడారని చెప్పకుండానే తెలుస్తోంది. ఆ జిగురు ఆవిరి గాలిలోని తేమతో కలిసి దగ్గరలో ఉన్న ఉపరితలం మీద గట్టిపడుతుంది. ఆ తెల్లదనం అదే. నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. పదకొండు వారాలు కూర్చుని చేసిన కాక్‌పిట్ ఒక్క రాత్రిలో పొగ వెనక్కి పోయింది. బయటి వైపు 2000 నంబరు గరుకు కాగితంతో తడిగా రుద్ది, తరవాత పాలిష్ పెట్టి మెరిపించాను. మసక అలాగే ఉంది, ఎందుకంటే అది లోపలి వైపు పట్టింది. సన్నని రంపంతో కానొపీని విడదీస్తుంటే ముందు చట్రం చీలింది. మరో కిట్ నుంచి కానొపీ తీసి అమర్చుకోవలసి వచ్చింది. ఆ రోజు కలిగిన దిగులు ఇంకా గుర్తుంది.

మీరు ముందు బయట రుద్ది చూడండి. పోకపోతే విడదీయక తప్పదు. చట్రం చుట్టూ జిగురు గీత మీదే నెమ్మదిగా బ్లేడు నడపండి. మళ్లీ అంటించేటప్పుడు కాగితాలకు వాడే తెల్ల జిగురు తీసుకోండి. అది ఆరితే పారదర్శకమవుతుంది, ఆవిరి విడవదు, పొరపాటున అంటుకుంటే తడి కుంచెతో తుడిచేయవచ్చు. కానొపీ మోయాల్సిన బరువేమీ లేదు, ఆ జిగురు చాలు.

చట్రానికి మళ్లీ రంగు వేసేటప్పుడు ముందు కాక్‌పిట్ లోపలి రంగు, అది ఆరాక పైన బయటి రంగు వేయండి. అద్దంలోంచి లోపలికి చూసే కంటికి చట్రం వెనక లోపలి రంగే కనిపిస్తుంది.

ప్రశ్న: 100 లాంటి గుండ్రని సంఖ్య వదిలేసి 72 ఎందుకు పెట్టారు?

జవాబు: అంగుళాలు, అడుగుల లెక్క అది. ఆరడుగులు అంటే 72 అంగుళాలు కాబట్టి ఆరడుగుల మనిషి ఈ స్కేలులో సరిగ్గా ఒక అంగుళం. 1930లలో బ్రిటన్‌లో తయారైన మోడల్స్ ఈ కొలతను పట్టుకున్నాయి. 1936లో వచ్చిన ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ ప్లాస్టిక్ కిట్లు కూడా 1/72వే. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువిమానాన్ని ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పడానికి ఈ కొలతలోనే మోడల్స్ వాడారు. 1/48కి కూడా ఇదే తర్కం: నాలుగడుగులకు ఒక అంగుళం.

ప్రశ్న: డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల పొరలు) ఆరాక చుట్టూ వెండిపొరలా మెరుస్తోంది. నీళ్లలో నానబెట్టడం తక్కువైందా?

జవాబు: నానబెట్టడంలో తప్పు లేదు. మీరు డెకాల్‌ను మ్యాట్ (మెరుపులేని) రంగు మీద వేశారు. మ్యాట్ ఉపరితలం దగ్గరగా చూస్తే గరుకు నేల. డెకాల్ ఆ గరుకు మీద వంతెనలా నిలిచి, కింద గాలి చిక్కుకుంటుంది. ఆ గాలే వెండిలా మెరుస్తుంది. ముందుగా మెరిసే వార్నిష్ పొర వేసి, నున్నగా ఆరాక డెకాల్ పెట్టండి, ఆపైన మ్యాట్ వార్నిష్ వేసుకోవచ్చు.

ఇప్పటికే వేసినదాన్ని పీకకండి. మెరిసేచోట సూదితో దగ్గరదగ్గరగా సన్నని చిల్లులు పెట్టి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణాన్ని కుంచెతో అద్దండి. డెకాల్ ముడతలు పడుతుంది. ఆ ముడతలు చూసి కంగారుపడి వేలు పెట్టకండి, ఆరుతూ తనంతట తనే రంగులోకి దిగుతుంది. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్లీ అద్దండి.