పాత కంపెనీల పీఎఫ్ విషయమై మేనల్లుడికి లేఖ

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

మొదటి రెండు కంపెనీల పీఎఫ్ ఏమైందో నీకు తెలియడం లేదనీ, దొరికితే ఆ డబ్బు తీసి ఇంటి అప్పుకు కట్టేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలాకాలం కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఈ కాగితాలే చూసినవాణ్ని కనుక నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఖాతాలు వెతికి పట్టుకో, కానీ డబ్బు తీయకు. ఇప్పటి ఖాతాలోకి బదిలీ చేయించుకో.

యజమాని కట్టే వాటాలోంచి, జీతంలో 8.33 శాతం, పరిమితికి లోబడి, 1995 నాటి పింఛను పథకానికి వెళుతుంది. 58 ఏళ్లకు నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఒకచోట మూడేళ్లు, మరోచోట నాలుగేళ్లు, ఇంకోచోట అయిదేళ్లు చేసినవాడికి విడివిడిగా చూస్తే ఎక్కడా అర్హత లేదు, కలిపితే పన్నెండేళ్లవుతుంది. ఫారం 10సీ పెట్టి పింఛను సొమ్ము తీసేసుకున్నవారికి ఆ సంవత్సరాలు లెక్కలోంచి పోతాయి. పైగా అయిదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే ఆదాయపు పన్ను పడుతుంది. బదిలీ చేయించుకుంటే పాత సర్వీసూ ఆ అయిదేళ్లలో కలుస్తుంది.

ఉద్యోగాలు మారినా మారకుండా సభ్యుడికి ఉండే ఒకే నంబరు, యూఏఎన్, వచ్చింది 2014లో. అంతకుముందు ప్రతి కంపెనీలోనూ ఒక కొత్త పీఎఫ్ నంబరు ఇచ్చేవారు కనుక, తప్పిపోయేవి ఎక్కువగా ఆ కాలపు ఖాతాలే. పాత పే స్లిప్పు ఒక్కటి దొరికినా చాలు, నంబరు దాని మీదే ఉంటుంది. అదీ లేకపోతే నీతో పనిచేసిన మిత్రుడి పే స్లిప్పు అడుగు. కంపెనీ కోడ్ ఇద్దరికీ ఒకటే, చివరనున్న సభ్యుడి అంకెలే వేరు. కంపెనీ పేరుతో, పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైటులో వెతికినా కోడ్ తెలుస్తుంది. కొన్ని పెద్ద సంస్థలు సొంత ట్రస్టు ద్వారా పీఎఫ్ నడుపుతాయి. ఆ సొమ్ము ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో కనబడదు, ట్రస్టునే అడగాలి. కంపెనీ మూతపడినా, ఈపీఎఫ్‌ఓలో జమ అయిన డబ్బు ఎక్కడికీ పోదు.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన ఇంటిపేర్లతో ఇది మరీ ఎక్కువ. పాత రికార్డులో ‘కె. శ్రీనివాస్’ అని ఉండి, ఆధార్‌లో ‘కొత్తపల్లి శ్రీనివాసరావు’ అని ఉంటే కంప్యూటరుకు వాళ్లిద్దరూ వేరువేరు మనుషులే. పుట్టిన తేదీ, తండ్రి పేరు, చేరిన తేదీ కూడా సరిచూసుకుని, తేడా ఉంటే బదిలీకి దరఖాస్తు పెట్టకముందే, వివరాలు దిద్దడానికి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో సరిచేయించు. ఈ వరస తలకిందులు చేసినవారి దరఖాస్తులు తిరిగి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక ఉద్యోగం వదిలిన తేదీ తరువాతి ఉద్యోగంలో చేరిన తేదీకి ముందే ఉండాలి. పాత కంపెనీ ఆ తేదీ వేయకపోతే, మానేసి రెండు నెలలు దాటాక ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా నువ్వే వేసుకోవచ్చు.

ఆ తరువాత పని తేలిక. ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ అన్నచోట పాత ఖాతాలను ఒక్కొక్కటిగా బదిలీకి పెట్టు. పొరపాటున రెండు యూఏఎన్‌లు ఉంటే పాతదాని సొమ్ము కొత్తదానిలోకి తెచ్చుకోవాలి. బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పింఛను గడిలో సున్నా చూసి కంగారుపడకు. ఆ పథకంలో డబ్బు కదలదు, సర్వీసు వివరాలే కదులుతాయి. అవి అనెక్జర్ కె అనే కాగితంలో ఉంటాయి కనుక దాన్ని దించుకుని దాచుకో.

ఇంత శాతం ఇస్తే పని చేయిస్తామనేవారికి ఓటీపీ చెప్పవద్దు. ఎక్కడైనా ఆగిపోతే ఈపీఎఫ్‌ఓ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టు. ప్రతి నెలా 27వ తేదీన జిల్లాల్లో జరిగే ‘నిధి ఆప్‌కే నికట్’ శిబిరానికైనా కాగితాలతో వెళ్లు. పోర్టల్ తెరిచినప్పుడే, మన తరువాత సొమ్ము ఎవరికి చెందాలో రాసే ఈ-నామినేషన్ కూడా చూసుకో. పెళ్లికి ముందు రాసిన నామినేషనే ఇంకా ఉంటే, నీ భార్య పేరుతో కొత్తది వేయాలి.

ఆశీస్సులతో,
మామయ్య