లాటరీలో సీటొస్తే అక్కడ బయటివాళ్ళలా చూస్తారా? మా అనుభవం

మీ అమ్మాయి ఐదో తరగతి. వాషింగ్టన్ డీసీలో మీ ఇంటి పరిధిలోని, అంటే అడ్రసును బట్టి దక్కే మిడిల్ స్కూల్ (ఆరు నుంచి ఎనిమిది) నచ్చక, వేరే పేట బడుల్లో మిగిలిన సీట్లు పంచే లాటరీలో ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ఎక్కువుండే నార్త్‌వెస్ట్ వైపు స్కూల్ పెడదామా, అక్కడివాళ్ళు బయటివాళ్ళలా చూస్తారా అని అడిగారు. మావాడు మూడేళ్ళు అలాగే చదివాడు.

చూస్తారండీ. పిల్లలు కాదు, పెద్దవాళ్ళు.

మొదటి ఏడాది ఓ సాయంత్రం స్కూల్ లైబ్రరీలో తల్లిదండ్రుల మీటింగ్. నేను రైలు దిగి, బస్సు మారి, తడిసిన బూట్లతో వెనక కూర్చున్నా. ఒకాయన లేచి, "ఇది మా పేట స్కూలు, ముందు మా పిల్లలతో నిండాలి" అన్నాడు. నేను నోరెత్తలేదు. పక్కన, ఊరికి అవతలి వైపు నది దాటి ఉన్న అనకోస్టియా పేట నుంచి వచ్చిన ఓ పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు: "మా పెద్ద మనవడు చేరినప్పుడు మీవాళ్ళెవరూ ఇటు తొంగి చూళ్ళేదు కదయ్యా!"

ఆవిడ అన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంది. పరిధిలోని పిల్లలకు సీటు హక్కు, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. వాళ్ళకు పోగా మిగిలినవే లాటరీకి వస్తాయి. నార్త్‌వెస్ట్‌లో పేరున్న మిడిల్ స్కూళ్ళు రెండు, డీల్, హార్డీ. డీల్‌లో చాలాకాలంగా చుట్టుపక్కల పిల్లలే ఎక్కువ. హార్డీలో ఏళ్ళ తరబడి బయటి పిల్లలే ఎక్కువ, తర్వాతే పేటవాళ్ళు పెరుగుతూ వచ్చారు. వాళ్ళు పెరిగేకొద్దీ మనకు సీట్లు తగ్గుతాయి. స్కూల్‌ని ఇన్నాళ్ళూ నిలబెట్టినవాళ్ళకే చోటు తగ్గడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఇంటి పక్క స్కూలుకి నడిచి వెళ్ళాలనుకునే పిల్లాడిని తప్పుపట్టలేం కదా.

డీసీ బయట, వర్జీనియా శివారు ఆష్‌బర్న్‌లో ఉండే మా చుట్టాలకు ఈ గొడవే అర్థం కాదు. అక్కడ స్కూల్ చూసుకుని ఇల్లు కొంటారు, అడ్రసే సీటు. ఆ పేటలో అద్దె కట్టే తాహతు లేకే మేం లాటరీ వేశాం.

మావాడికి స్నేహితులకేం కొదవ లేదు. కష్టమంతా దూరంతోనే. చార్జీల ఖర్చు లేదు, డీసీ పిల్లలకు మెట్రో, బస్సు ఉచితం. కానీ పొద్దున ఆరూ నలభైకి బయల్దేరేవాడు. బ్యాండ్ ప్రాక్టీస్ ఉన్నరోజు చలికాలంలో చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. ఓసారి బ్రూక్‌ల్యాండ్‌లో దిగాల్సినవాడు నిద్రపోయి, రెండు స్టేషన్లు దాటి టకోమా నుంచి "అమ్మా, నేనెక్కడున్నాను?" అని ఫోన్ చేశాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆరోజు నా టెన్షన్ చెప్పలేను. శనివారం పుట్టినరోజు పార్టీలకు వాళ్ళ నాన్న సగం రోజు రోడ్డు మీదే ఉండేవారు.

అందుకే ఫారం నింపే ముందు ఓ పనిదినాన, పొద్దున్నే అమ్మాయితో కలిసి ఆ రైలు, ఆ బస్సు ఎక్కి వెళ్ళి రండి. ఓపెన్ హౌస్‌లో (తల్లిదండ్రులకు స్కూల్ చూపించే రోజు) చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

లాటరీలో 12 స్కూళ్ళ దాకా పెట్టొచ్చు. నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే వరసలో పెట్టండి, తెలివిగా లెక్కలు వేసి కిందా మీదా చేస్తే మీకే నష్టం. సీటొచ్చిన స్కూల్ కన్నా పైన పెట్టినవాటి వెయిటింగ్ లిస్టులోనే మీ పేరుంటుంది. ఇంకోటి, మిడిల్ స్కూల్ సీటుతో హైస్కూల్ దారి కూడా ఖాయమవుతుంది: డీల్ నుంచి జాక్సన్-రీడ్, హార్డీ నుంచి 2023లో తెరిచిన మెకార్థర్. ఆ హైస్కూళ్ళకు మీ ఇంటి నుంచి ఎంత దూరమో కూడా ఇప్పుడే చూసుకోండి. మేం చూసుకోలేదు.