అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే కూతురికీ వస్తుందా?

నేరుగా రాదు. దాదాపు ప్రతి కేసులోనూ ముందుగా హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) సోకి, ఏళ్ల తరబడి తిష్ఠ వేసి ఉంటుంది. ఆ వైరస్‌ను వదిలించుకునే శక్తిలో మాత్రం కొంత వాటా జన్యువులది. ముఖ్యంగా ఆరో క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ జన్యువులది. వైరస్ ప్రొటీన్ ముక్కను దోసిట్లో పట్టినట్టు పట్టి, వైరస్‌తో పోరాడే రోగనిరోధక కణాలైన టీ కణాలకు చూపించే అణువులను తయారుచేసేవి ఇవే. ఆ దోసిలి ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది. ముక్క సరిగా ఇమడకపోతే శత్రువును గుర్తించడం ఆలస్యమవుతుంది. స్వీడన్ రికార్డుల పరిశీలనలో రోగుల కన్నతల్లులకు, సొంత అక్కచెల్లెళ్లకు ముప్పు సుమారు రెట్టింపుగా కనిపించింది, పెంపుడు బంధువులకు కనిపించలేదు. అయినా మా ఇంట్లో ఎవరికీ లేదన్న ధైర్యంతో దయచేసి పరీక్ష మానకండి: ఈ క్యాన్సర్ వచ్చిన వారిలో అత్యధికులకు కుటుంబ చరిత్రే ఉండదు.