సనద్ బీరువాలో పెట్టి ఉద్యోగానికి వెళ్లాను, మళ్లీ కోర్టుకు రావచ్చా?

ప్రశ్న: 2015లో గుంటూరు చిరునామాతో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యాను. ఆలిండియా బార్ పరీక్ష పాసయ్యాను. తెనాలిలో రెండేళ్లు జూనియర్‌గా చేశాక పెళ్లయి హైదరాబాద్ వచ్చాను. 2017 నుంచి ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు కంపెనీ కాంట్రాక్టుల విభాగంలో పనిచేశాను. అత్తగారి అనారోగ్యం, ఇద్దరు పిల్లలు, చివరికి కంపెనీ వాళ్లే తీసేశారు. మళ్లీ నల్లకోటు వేసుకోవాలని ఉంది. వయసు 34, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష కూడా రాయాలి. మూడేళ్ల ప్రాక్టీసు ఉన్నట్టు సర్టిఫికెట్ ఇస్తానని పాత సీనియర్ గారు అంటున్నారు. స్నేహితురాలేమో తెలంగాణలో కొత్తగా ఎన్‌రోల్ అయిపొమ్మంటోంది. సనద్ (న్యాయవాదిగా ఎన్‌రోల్ అయిన సర్టిఫికెట్) నా దగ్గరే ఉంది. మధ్యలో 2020లో మా తమ్ముడి చెక్ బౌన్స్ కేసులో ఒక్క వకాలత్తు (తన తరఫున వాదించమని కక్షిదారు న్యాయవాదికి ఇచ్చే పత్రం) వేశాను. ఏం చేయాలి? - ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన కుదించి ఇచ్చాను. అందులో మూడు పేజీలు అత్తగారు, పిల్లలు, మీ మేనేజరు. వాటి గురించి నేనేమీ రాయడం లేదు, ఎందుకంటే రేపు బార్ కౌన్సిల్ కూడా వాటిని అడగదు. ఆఖరి పేజీలో, అదీ సంతకం కింద ఇరికించి రాసిన ఆ తమ్ముడి వకాలత్తు లైనే మీ కేసంతా.

ప్రాక్టీసు వదిలి వెళ్లడం తప్పు కాదు. ప్రకాశం పంతులు గారంతటివారు మద్రాసులో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసుకున్నారు. మీ తప్పు వేరే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది ఒకప్పుడు చదివే ఉంటారు. పూర్తికాలం జీతం మీద చేరిన న్యాయవాది ఆ సంగతి తన పేరున్న కౌన్సిల్‌కు తెలపాలి, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపేయాలి. సనద్ అసలు ప్రతిని జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే సరిపోయేది. ఎనిమిదేళ్లు ఇతరుల కాంట్రాక్టుల్లో తప్పులు వెతికి జీతం తీసుకున్న మనిషికి సొంత పని మీద ఒక్క కవరు పంపడానికి తీరిక లేకపోయిందా?

తెలపకపోవడం వరకైతే సర్దుకోవచ్చు. వకాలత్తు అలా కాదు. నెల జీతం తీసుకుంటూ వకాలత్తు మీద సంతకం పెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం మందలింపు నుంచి రోల్‌లో, అంటే న్యాయవాదుల జాబితాలో, పేరు తీసేయడం దాకా ఏదైనా కావచ్చు. ఆరేళ్లు దాటింది, ఇంకెవరు పట్టించుకుంటారు అనుకోకండి, ఈ ఫిర్యాదుకు ఇన్నేళ్లలోపే అని గడువు పెట్టిన సెక్షన్ ఆ చట్టంలో లేదు. అప్పుడు జీతం లేని సెలవులో ఉన్నానని రాశారు. సెలవులో ఉన్నా ఉద్యోగం ఉద్యోగమే.

అందుకని మొదట సాక్ష్యం చూసుకోండి. ఈ-కోర్ట్స్ సైట్‌లో న్యాయవాది పేరు కొట్టి వెతికే వీలుంది, ఈ రాత్రికే మీ పేరు కొట్టండి. మీకు కనబడింది చెక్కు కేసులో అవతలి పక్షానికీ కనబడుతుంది. తర్వాత ఆ వకాలత్తుకు, డాకెట్‌కు (ఏ వాయిదాలో ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితం) సర్టిఫైడ్ కాపీలు పెట్టించండి. ఆ వకాలత్తు మీద సంతకం మీ ఒక్కరిదేనా, సీనియర్ గారిది కూడా ఉందా, ఏ వాయిదాకైనా మీరు హాజరైనట్టు రాశారా అన్నది తేలాలి. ఒక్క సంతకానికి, పది వాయిదాల హాజరుకు చాలా తేడా ఉంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. వద్దు. సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది. దానికి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద జిల్లాలో ప్రధాన న్యాయాధికారి ఎండార్స్‌మెంట్ ఉండాలి. అంటే ఆ అబద్ధం మీ సీనియర్ గారితో ఆగదు, ఒక జడ్జి గారి సంతకం దాకా పోతుంది. మీ పీఎఫ్ పాస్‌బుక్‌లో 2017 నుంచి నెలనెలా ఎంట్రీ ఉంది, ఫారం 16లు ఉన్నాయి. ఎంపికైన తర్వాత ఎవరో ఒకరు వీటినీ ఆ సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెడితే ఉద్యోగం పోతుంది, సనద్ పోతుంది, తప్పుడు సర్టిఫికెట్ వాడినందుకు క్రిమినల్ కేసూ రావచ్చు. ఆ పెద్దాయన్నీ ఈ వయసులో బోనెక్కించినవారవుతారు. మీకు నిజంగా ఉన్నది రెండేళ్లు. ఇంకో ఏడాది చేస్తే మూడు. వయోపరిమితి మామూలుగా 35 కాబట్టి టెన్షన్ అర్థమవుతుంది, రిజర్వేషన్ సడలింపు ఉందేమో చూసుకోండి. విడివిడిగా చేసిన ఏళ్లు కలుపుతారా లేదా అన్నది నోటిఫికేషన్ వచ్చాక అందులోని మాటలు పట్టి చూడాలి.

స్నేహితురాలి సలహా ఇంకా ప్రమాదం. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే, కానీ ఒక మనిషి పేరు రెండు రాష్ట్రాల రోల్స్‌లో ఉండకూడదని అడ్వకేట్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే ఉన్న ఎన్‌రోల్‌మెంట్‌నే 18వ సెక్షన్ కింద బదిలీ చేయించుకోవచ్చు, దానికి ఫీజు కూడా లేదు. కానీ అది రెండో పని.

మొదటి పని, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ సెక్రటరీకి దరఖాస్తు. ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్నవి ఉన్నట్టు రాసి, ఆలస్యంగా తెలుపుతున్నందుకు మన్నించి ఆ కాలాన్ని మీరే ప్రాక్టీసు ఆపుకున్న కాలంగా (సస్పెన్షన్) పరిగణించి తిరిగి ప్రాక్టీసుకు అనుమతించమని అడగండి. సనద్, రిలీవింగ్ లెటర్, అదే చట్టం 24-ఏ సెక్షన్ కింద ఎన్‌రోల్‌మెంట్‌కు అనర్హత ఏదీ రాలేదన్న అఫిడవిట్ జతచేయండి. వకాలత్తు సంగతి కప్పిపెట్టి అఫిడవిట్ వేయొద్దు. కాపీలు చేతికొచ్చాక, బార్ కౌన్సిల్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి చూపించి ఆ పేరా రాయించండి.

కంపెనీ నుంచి ఇంకో కాగితం కూడా కావాలి, మీరు చేసింది లా పనేనని హోదా, విధులు రాసిన లెటర్. న్యాయవృత్తితో సంబంధం లేని ఉద్యోగంలో ఐదేళ్లలాంటి పెద్ద విరామం తీసుకున్నవాళ్లు బార్ పరీక్ష మళ్లీ రాయాలన్న సూచన వైపు 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మొగ్గింది. మీ ఎనిమిదేళ్ల మీద ఆ ప్రశ్న వస్తే చూపించడానికి ఆ లెటర్ పనికొస్తుంది. హెచ్‌ఆర్ వాళ్ల మీద కోపమున్నా మర్యాదగా అడిగి తెచ్చుకోండి.

తమ్ముడి కేసు ఇంకా నడుస్తుంటే మీ నో అబ్జెక్షన్‌తో వేరే న్యాయవాది చేత వకాలత్తు వేయించండి. కౌన్సిల్ నుంచి ఉత్తర్వు వచ్చి సనద్ తిరిగి చేతికందేదాకా కోటు, బ్యాండ్లు వేసుకుని ఏ కోర్టు హాల్లోనూ నిలబడకండి, పాసోవర్ (కేసును కాసేపాగి పిలవమనడం) అడగడానికి కూడా.