రక్తం బాగా పోయి చనిపోతే శవం మీద మచ్చలు ఎందుకు సరిగా కనిపించవు?

రక్తం బాగా పోయి చనిపోయిన మనిషి శవం మీద మరణానంతర మచ్చలు, అంటే లివిడిటీ, చాలా లేతగా పడతాయి, ఒక్కోసారి అసలు కనిపించవు. గుండె ఆగాక రక్తం బరువుకి కింది వైపు చర్మంలోకి దిగి, సాధారణంగా రెండు గంటల్లోపే ఊదా రంగు తేలుతుంది, కానీ పెద్దవాళ్ళలో ఉండేదే సుమారు 5 లీటర్లు, అందులో చాలా భాగం పోయాక దిగడానికి ఏం మిగులుతుంది? కుళ్ళడం కూడా కొంచెం నెమ్మదిస్తుంది, ఎందుకంటే పేగుల్లోని బాక్టీరియా ఒళ్ళంతా పాకేది ఎక్కువగా రక్తనాళాల్లోని రక్తం ద్వారానే. అయితే మన డెల్టా ఎండకీ ఉక్కకీ ఆ తేడా అంతగా తెలియకపోవచ్చు.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మీద నుంచి పడి పొట్టలోని ప్లీహం (స్ప్లీన్) పగిలి చనిపోయాడనుకోండి. నేల మీద చుక్క రక్తం ఉండదు, వీపు మీద మచ్చా సరిగా ఉండదు, పోస్ట్‌మార్టమ్‌లో పొట్ట తెరిస్తే రక్తమంతా అక్కడే ఉంటుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే: మచ్చ లేదంటే ఇప్పుడే చనిపోయాడనో, శవాన్ని వేరేచోట నుంచి తెచ్చి పడేశారనో అనేస్తారు. మచ్చ ఒక్కటి చూసి ఆ రెండూ చెప్పలేం.